మూడో చరణం, రెండో లైను

ఆ ఎండాకాలంలో మా ఇంట్లో మొదటి గొడవ గంజి గురించి.

"ఇది చీరనా, అప్పడమా?" అంది మా అత్త అన్నమ్మ. క్వయర్ తెల్లచీర కట్టుకుని వరండాలో నిలబడి, నాకు వినిపించాలనే ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. కుచ్చిళ్లు నిజంగానే కరకరలాడాయి. "వింటివా? నేను పాడకముందే బట్ట పాడతాండాది."

"మొన్న గంజి చాల్లేదంటివి గదత్తా. తడిగుడ్డ మాదిరి కాళ్లకు చుట్టుకుంటాదంటివి."

"చాల్లేదంటే గిన్నె అంతా ఒంపమంటినా? సుమ పెడితే..."

ఆమె అక్కడ ఆగింది. నేనూ ఆగాను. మా ఇంట్లో చాలా మాటలు ఆ పేరు దాకా వచ్చి ఆగిపోయేవి. ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టిపెరిగినదాన్ని, బట్ట సంగతి నాకొకరు చెప్పాలా అన్న పౌరుషం నాకు ఉంది. కానీ ఆ పేరు వచ్చాక పౌరుషం నిలవదు.

ఫ్యాక్టరీ బస్సుకు టైమై బూట్లు వేసుకుంటున్న మా ఆయన డేవిడ్ తలెత్తకుండానే, "గంజికి గూడా కొట్లాడతారా? సినిమావాళ్లు ఎనిమిదికి చర్చికి వస్తాండారు. ఇద్దరూ కొంచెం నవ్వు మొకాలు పెట్టుకోండి," అన్నాడు.

పెనుకొండలో మా ఇల్లు రైలు కట్టకు దగ్గర. అప్పుడే ఒక గూడ్సు బండి ధర్మవరం వైపు పోయింది. గోడ అదిరి, మేకుకు తగిలించిన కంజిర బిళ్లలు సన్నగా మోగాయి. అది సుమది. సుమలత, డేవిడ్ చెల్లెలు. పోయి నాలుగేళ్లవుతోంది. ఆ కంజిరను మేకు నుంచి ఎవరూ తీయలేదు. రైలు దాన్ని రోజుకు పదిసార్లు వాయించి పోయేది. ప్రతిసారీ మా అత్త చేస్తున్న పని ఆపి, ఆ చప్పుడు అణిగేదాకా ఉండి, తర్వాత చీపురో చేటో మళ్లీ అందుకునేది. ఆ ఉదయం కుచ్చిళ్లు పట్టుకుని అలాగే నిలబడింది.

---

సినిమా తీసేది లోకేష్ అనే అతను. అనంతపురం మనిషే. హైదరాబాదులో పదేళ్లు వాళ్ల దగ్గరా వీళ్ల దగ్గరా పనిచేసి, ఇప్పుడు సొంతంగా మొదటి సినిమా మొదలుపెట్టాడు. పాటల హాస్య చిత్రం. ఒక చిన్న ఊరి క్వయర్, పన్నెండు మంది, ఒక్కరికీ శ్రుతి కలవదు. జిల్లా పాటల పోటీలో ఎప్పుడూ ఆఖరు. కొత్తగా వచ్చిన పాస్టరు వాళ్లకు పాట నేర్పబోయి తనకు వచ్చిన పాటే మర్చిపోతాడు. పాస్టరు వేషం ఒక హాస్యనటుడిది. క్వయర్‌గా మాత్రం నటులు వద్దు, నిజంగా పాడేవాళ్లే కావాలని లోకేష్ పట్టుబట్టి, కొండకింద ఉన్న మా పాత చర్చిని వెతుక్కుంటూ వచ్చాడు.

నేను మజ్జిగ ఫ్లాస్కు పట్టుకుని గుమ్మం దగ్గర చివరి బెంచీలో కూర్చున్నాను. అది నా చోటు. హిందూపురం కాలేజీలో డిగ్రీ చదివేటప్పుడు డేవిడ్‌ను ఇష్టపడి పెళ్లి చేసుకున్నాను. మతం మారమని ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. బొట్టు నా బొట్టే, మట్టిగాజులు నా గాజులే. పదిహేనేళ్లుగా ఆదివారాలు ఆ చివరి బెంచీ మీదే గడిచాయి. ఎవరు పాడినా వింటాను. నేను పాడను.

మొదటి రోజంతా నవ్వులే. లోకేష్ చేతులు జోడించి, "అమ్మా, మీరు మరీ బాగా పాడుతున్నారు. కొంచెం చెడగొట్టి పాడండి," అన్నాడు.

మా అత్త ఆలోచించి, "బాగా పాడేదానికి ముప్పై ఏండ్లు పట్టె నాయనా. చెడగొట్టేదానికి ఒక వారమన్నా ఇయ్యి," అంది.

హార్మోనియం వాయించే సురేంద్ర సారు హైస్కూల్లో లెక్కలు చెబుతారు. తప్పు మెట్టు నొక్కమంటే ఆయన వేలు దాని దాకా పోయి, సిగ్గుపడినట్టు పక్కదాని మీద పడేది. సౌండు చూసుకునే ఉమాశంకర్ గారికి యాభై పైన ఉంటాయి. హిందూపురం మనిషి, బెంగుళూరులో ఇరవై ఏళ్లు పనిచేశాడట, మాటల్లో సగం కన్నడం. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కాసేపు విని, "ఒందు నిమిషం! ఎవరిదో చీర అప్పడం విరిగినట్టు సౌండు చేస్తాంది," అన్నాడు.

మా అత్త అంతమంది మీదుగా చివరి బెంచీ వైపు చూసింది. చెప్పినా గదా అన్న చూపు. నేను ఫ్లాస్కు మూత బిగించుకుంటూ కూర్చున్నాను.

సాయంత్రం ప్యాకప్ ముందు లోకేష్, "ఇప్పుడు నా కోసం ఒక పాట. మీరు మామూలుగా ఎట్లా పాడతారో అట్లా," అని అడిగాడు. ఎవరూ చెప్పుకోకుండానే అందరూ ఒకే పాట ఎత్తుకున్నారు. మా అత్త నాయన నాగప్ప రొద్దంలో సువార్త చెబుతూ తిరిగిన రోజుల్లో కట్టిన పాట. ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు. మా చర్చిలో తప్ప మరెక్కడా పాడరు.

'ఎండిన చెరువుకు వానవై రావయ్యా' అని పల్లవి. మొదటి చరణం, రెండో చరణం. లైటు పట్టుకున్నవాళ్లు కూడా మాటలాపి విన్నారు. మూడో చరణం.

'చీకటి దారిలో చెయ్యూత నీవై...'

అక్కడ పాట ఆగిపోయింది. సురేంద్ర సారు మెట్ల మీద నుంచి కుడిచెయ్యి పైకెత్తారు. ఎడమచెయ్యి తిత్తిని మాత్రం ఆడిస్తూనే ఉంది, అందులోంచి ఉత్త గాలి వస్తోంది. పన్నెండు మందీ నోరు మూసుకుని నిలబడ్డారు. తాళం ఎనిమిది దెబ్బల సేపు. తర్వాత అందరూ ఒక్కసారిగా మూడో లైను అందుకుని పాట ముగించారు.

సినిమావాళ్లు పగలబడి నవ్వారు. లోకేష్ చప్పట్లు కొడుతూ కుర్చీలోంచి లేచాడు. "పన్నెండు మందీ ఒకే లైను మర్చిపోయినారే! ఒకేసారి! నేను ఆరునెలలు కూర్చుని రాసినా ఇంత బాగా రాయలేను. ఇదే నా సినిమా!"

క్వయర్‌లో ఒకరిద్దరు మర్యాదకు నవ్వారు. సురేంద్ర సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తక్కినవాళ్లు మా అత్త వైపు చూశారు.

"మళ్లా పాడల్లనా?" అని మాత్రం అడిగింది మా అత్త.

---

ఆ లైను సుమది. పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆ ఒక్క లైనూ ఆమె ఒక్కతే పాడేది. 'ఇల్లు చేరేదాకా నడిపించవా'. ఒక్క ఊపిరిలో పాడి, చివరి 'వా'ను సాగదీసేది. పిల్లలు వేళ్లు మడిచి లెక్కపెట్టేవాళ్లు. ఒక క్రిస్మస్‌కు ఇరవై రెండు దాకా పోయిందని మా అమ్మాయి పవిత్ర ఇప్పటికీ చెబుతుంది. పాట అయిపోయాక సుమ మెడ చుట్టూ చున్నీ బిగించుకుని చచ్చిపోతున్నట్టు నటించేది. పాస్టరు గారు చూస్తున్నారని కూడా ఉండేది కాదు.

ఆమె హిందూపురంలో నర్సు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు, తను డ్యూటీ చేసిన వార్డులోనే తనూ పడుకుంది. మే నెలలో పోయింది. మునిసిపాలిటీ మనుషులు నలుగురు పూడ్చారు. డేవిడ్ రోడ్డు మీద నిలబడి చూశాడు. మా సంఘంలో పాట లేకుండా మట్టిలోకి పోయిన మొదటి మనిషి ఆమే. చర్చి మళ్లీ తెరిచాక మొదటి ఆదివారం, ఆ పాటలో ఆ లైను వచ్చేసరికి ఎవరికీ గొంతు పెగల్లేదు. ఆ తర్వాత అదే అలవాటైంది. ఇలా చేద్దామని ఎవరూ అనుకున్నది కాదు. ఆ ఖాళీ సుమది, అంతే. తనకు ఆ లైను ఇమ్మని పవిత్ర ఒకసారి అడిగితే, మా అత్త లేచి పెరట్లోకి పోయింది.

ఈ సంగతి లోకేష్‌కు ఎవరూ చెప్పలేదు. పాస్టరు గారు చెప్పి ఉంటారులే అని సురేంద్ర సారు, సురేంద్ర సారు చెప్పి ఉంటాడులే అని పాస్టరు గారు. మా వైపు అందరికీ తెలిసిన సంగతి ఎవరూ నోటితో అనరు. తెలియని మనిషి ఒకడు మన మధ్యకు వచ్చాడన్నది ఆలస్యంగా తడుతుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర డేవిడ్ విసుక్కున్నాడు. "చెప్పొచ్చు గదమ్మా వాళ్లకి."

"ఏమని చెప్పల్ల? వాళ్లు టీ తాగుతాండ్రి. టీ తాగేవాళ్ల ముందర నిలబడి, నాయనా, ఈడ నా బిడ్డ పాడుతుండె అని చెప్పల్లనా?"

నేను తల వంచుకుని అన్నం కలుపుకున్నాను. నేను చెప్పని సంగతి నాకు వేరే ఉంది.

సుమ పోయే ముందు రోజు సాయంత్రం ఐదున్నరకు ఫోను చేసింది. నేను వంటింట్లో బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. "వదినా, అమ్మకియ్యి ఫోను," అంది. ఆ నాలుగు మాటలకే మూడుసార్లు ఊపిరి తీసుకుంది. మా అత్తకు అప్పటికి రెండు రోజులుగా జ్వరం, బీపీ. ఆ రొప్పు వింటే ఈమె ఏమైపోతుందోనని నాకు భయం వేసింది. "నిద్రపోతాందమ్మా. రేపు పొద్దున మాట్లాడుదువులే," అన్నాను. మా అత్త నిద్రపోలేదు. పెరట్లో తీగ మీద బట్టలు తీస్తోంది. కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది.

"సరే, అట్లయితే నువ్వు విను," అని సుమ ఆ లైను పాడింది. 'ఇల్లు చేరేదాకా నడి' దగ్గర ఊపిరి అందలేదు. ఆగింది. తర్వాత 'పించవా' అంది. 'వా' సాగలేదు. "నా లైను మర్చిపోలేదని చెప్పు అమ్మకి," అంది. తెల్లవారి నాలుగింటికి డేవిడ్‌కు ఫోను వచ్చింది.

ఆ మాట నేను చెప్పలేదు. మొదట ఏడుపుల్లో చెప్పలేకపోయాను. తర్వాత, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలో తెలియక చెప్పలేదు. ప్రతి ఆదివారం చివరి బెంచీలో కూర్చుని ఆ ఎనిమిది దెబ్బల ఖాళీ గడిచేదాకా గాజుల మీద వేలు పెట్టుకుని లెక్కపెట్టేదాన్ని.

---

రెండో వారంలో క్వయర్‌లో ఒకామె కూతురి కాన్పుకు బుక్కపట్నం వెళ్లిపోయింది. పన్నెండుకు ఒక తల తగ్గింది. లోకేష్ కళ్లు నా మీద పడ్డాయి.

"అక్కా, మీరు వెనక వరసలో నిలబడండి. పాడొద్దు. నోరు ఆడిస్తే చాలు."

"నాకు పాట రాదు," అన్నాను.

"రాకపోవడమే కదక్కా మన కథ!"

తెల్లచీర కట్టుకుని మా అత్త వెనక నిలబడ్డాను. బొట్టు కొంచెం చిన్నది పెట్టుకున్నాను. గాజులు మాత్రం తీయలేదు, తీస్తే చెయ్యి నాది కాదనిపిస్తుంది. నా పక్కన స్తంభానికి ఉమాశంకర్ గారు ఒక మైకు కట్టాడు.

ఆ రోజు తీసింది మేక సీను. జిల్లా పోటీలో క్వయర్ ఎప్పటిలాగే ఆ లైను మర్చిపోతుంది. సభంతా నిశ్శబ్దం. అప్పుడు తలుపులోంచి దూరిన మేక ఒకటి సరిగ్గా ఆ ఖాళీలో అరుస్తుంది. సరైన శ్రుతిలో. జడ్జీలు లేచి చప్పట్లు కొడతారు. కాగితం మీద చదివితే నాకూ నవ్వు వచ్చింది.

మేకను రొద్దం నుంచి ఆటోలో తెచ్చారు. నల్లది, చెవుల మీద తెల్ల మచ్చలు. అరవాల్సిన చోట అది అరవలేదు. 'చెయ్యూత నీవై' దగ్గర మేము ఆగుతాం. దాన్ని తెచ్చినాయన కెమెరాకు కనపడకుండా కింద కూర్చుని తోక గిల్లుతాడు. మేక అతని వైపు తిరిగి చూస్తుంది. కట్. మళ్లీ మొదటి నుంచి. ఒకసారి అరిచింది గానీ పల్లవిలో అరిచింది. ఒకసారి సురేంద్ర సారు పంచె కొస నమిలింది.

"ఏమబ్బా, మీ మేకకు తాళజ్ఞానం లేదే!" అని లోకేష్ అరిచాడు.

"మా ఇంటికాడ బాగానే అరుస్తాది సా. ఈడ ఇందరు జనాన్ని చూసి బెదిరిపోయింది," అన్నాడు మేకాయన.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ప్రతి టేకుకూ ఆ ఖాళీ పెద్దదవుతూ వచ్చింది. మేక అరిచేదాకా ఆగమన్నారు కాబట్టి ఎనిమిది దెబ్బలు పన్నెండయ్యాయి, ఇరవయ్యాయి. ఆదివారం అయితే వారానికి ఒక్కసారి. ఆ రోజు పదకొండుసార్లు సుమ పాడాల్సిన చోటికి వచ్చి నిలబడి, ఆమె కోసం కాకుండా మేక కోసం చూశాం. ఫ్యాన్లు ఆపేశారు. కొండ మీది గాలి కిటికీ రెక్కను ఒకసారి తట్టి పోయింది. నా ముందు మా అత్త వీపు కదలకుండా ఉంది. జాకెట్టు మీద చెమట మరక టేకు టేకుకూ కిందికి దిగింది. ఆమె ఊపిరి బిగబట్టి ఉందని నాకు తెలిసిపోయింది, ఎందుకంటే చీర చప్పుడు చేయలేదు. ఆ రోజు గంజి నేనే పెట్టాను, పల్చగానే, అయినా ఊపిరి తీసుకుంటే వినపడేది.

పదకొండోసారి మేక అరిచింది. సరిగ్గా చోటు చూసుకుని, పొడుగ్గా, వణికిస్తూ అరిచింది. లోకేష్ టోపీ గాల్లోకి ఎగరేశాడు. అందరూ మేకను ముద్దు చేశారు. మా అత్త బెంచీ మీద కూర్చుని, "మజ్జిగ ఉండాదా మే?" అని నన్ను అడిగింది. ఇస్తే, గ్లాసులో సగం ఒడిలో ఒలకబోసుకుంది.

---

షూటింగు ఆఖరి రోజున ఉమాశంకర్ గారు మా అత్తను పిలిచాడు. నేను గ్లాసులు కడుగుతూ పక్కనే ఉన్నాను.

"అమ్మా, మేక సీనులో ఒక చిన్న తొందరె, అదే, ఇబ్బంది. ఖాళీలో ఎవరో పాడతాండారు. చాలా మెల్లగా. ఒక టేకులో కాదు, తొమ్మిది టేకుల్లో ఉండాది. సారు సైలెన్సే కావాలంటాడు. ఎవరి గొంతో మీరు పోల్చగలరా?"

"మేకదేమో చూడు నాయనా."

ఆయన నవ్వలేదు. "ఇది మేక కాదమ్మా."

హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టాడు. జుట్టు ముడి అడ్డం వస్తే నేనే సర్దాను. ఆమె కళ్లు మూసుకుని వింది. తర్వాత వేలు ఎత్తి, "ఇంగోసారి," అంది. రెండోసారి విన్నాక మళ్లీ వేలెత్తింది. మూడోసారి అయ్యాక హెడ్‌ఫోన్లు తీసి నా చేతికి ఇచ్చింది.

మొదట హార్మోనియం తిత్తి గాలి. తర్వాత, ఎక్కడో గోడ వెనక నుంచి వచ్చినట్టు, పెదవులు విప్పకుండా ఒక కూనిరాగం. అది సుమ. మాటలు లేకపోయినా మాటలు తెలుస్తున్నాయి. 'ఇల్లు చేరేదాకా నడి', అక్కడ ఆగి చిన్న ఊపిరి, మళ్లీ 'పించవా'. ఆ సాయంత్రం ఫోన్లో విన్నది విన్నట్టే. నా చేతిలో గ్లాసు ఉందని కూడా మర్చిపోయాను. అప్పుడు ఆ రాగం పక్కనే ఇంకో సన్నని చప్పుడు వినిపించింది. ఒకదానికొకటి తగిలే గాజులు. లెక్కపెడుతున్నట్టు, ఒక్కొక్కటిగా.

ఆ క్వయర్‌లో మట్టిగాజులు వేసుకునేది నేనొక్కదాన్నే.

"ఎవరో తెలిసిందామ్మా?" అన్నాడు ఉమాశంకర్ గారు.

"తెలిసింది," అంది మా అత్త. "తీసేయొచ్చా దీన్ని?"

"తీసేస్తాను. ఒక నిమిషం పని."

"మీ సినిమాలో తీసెయ్యి," అని లేచింది.

చర్చి నుంచి ఇంటికి పది నిమిషాల నడక. ఎండ తగ్గలేదు. ఆమె ముందు, నేను ఫ్లాస్కు పట్టుకుని వెనక. రైలు గేటు పడి ఉంది. అక్కడ నిలబడ్డాక, నా వైపు తిరగకుండానే అంది.

"సుమ ఆడ ఊపిరి తీసుకోదు."

నేను ఫ్లాస్కు ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

"పదేండ్ల పిల్లప్పటి నుంచి ఒక్క ఊపిరే. మా నాయన నేర్పించినాడు. నువ్వు ఆడ ఎందుకు ఆపితివి?"

"నేను అట్లే వింటినత్తా."

"ఎప్పుడు?"

"ముందురోజు సాయంత్రం. ఫోన్లో."

గేటు అవతల బండి రావడం మొదలైంది. అది పోయేదాకా ఇద్దరం మాట్లాడే వీలు లేదు. పెట్టెలు చాలా ఉన్నాయి. అన్నీ పోయాక ఆమె అడిగింది.

"అప్పుడు నేను యాడుంటి?"

"పెరట్లో. బట్టలు తీస్తాంటివి. నిద్రపోతాండావని చెప్పినా."

గేటు లేచింది. మోటారు సైకిళ్లు రెండు వైపుల నుంచీ కదిలాయి. ఆమె కదల్లేదు.

"ఏమనె?"

"నా లైను మర్చిపోలేదని చెప్పు అమ్మకి అనె."

ఆమె నా చేతిలో ఫ్లాస్కు వైపు చూసింది. "దాని మూత ఆడనే మర్చిపోయి వస్తివి. పో, తెచ్చుకో," అంది.

మూత తెచ్చుకుని ఇంటికి వచ్చేసరికి గోడ మీద మేకు ఒక్కటే ఉంది. కంజిర ఆమె ఒళ్లో ఉంది. రెండు చేతులూ దాని తోలు మీద పరిచి మంచం మీద కూర్చుంది. కాసేపటికి బెంగుళూరు బండి పోయింది. గోడ అదిరింది. ఏ చప్పుడూ రాలేదు.

---

మూడు రోజులు ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. కాఫీ ఇస్తే తీసుకుంది. మాత్ర ఇస్తే వేసుకుంది. నేను తప్పు ఒప్పుకోవడానికి మాటలు కూర్చుకుంటూ రెండుసార్లు ఆమె మంచం దాకా పోయి, దుప్పటి మడతపెట్టి వచ్చేశాను. "మీ ఇద్దరికీ ఏమైంది? మళ్లా గంజేనా?" అని డేవిడ్ అడిగాడు. నాలుగేళ్లుగా దాచింది బయటపడితే తేలికవుతుందనుకున్నాను. అలా కాలేదు. ఈ ఇంట్లో నేను ఉండేది ఇకనుంచి ఎలాగో నాకు తెలియలేదు. ఆమె నన్ను తిడితే బాగుండుననిపించింది. ధర్మవరం పోయి నాలుగు రోజులు అమ్మ దగ్గర ఉండి వద్దామా అని సంచి కూడా దించాను.

శనివారం మధ్యాహ్నం లోకేష్ ఇంటికి వచ్చాడు. ఉమాశంకర్ గారు చర్చిలో ఎవరినో అడిగి సంగతి తెలుసుకుని ఇతనికి చెప్పాడట. మంచం అంచున కూర్చుని, టోపీ చేతుల్లో నలుపుతూ, "అమ్మా, నాకు తెలియదు. మేక సీను తీసేస్తాను," అన్నాడు.

"మేక బాగనే అరిచింది గదప్పా. దాన్నెందుకు తీసేది?" అంది మా అత్త. "సుమ ఉండుంటే అందరికంటే ముందు అదే నవ్వుతాండె. సినిమా నీది. నవ్వించు. ఆదివారం మాత్రం మాది."

అతనికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా అత్త అతనికి మజ్జిగ ఇమ్మంది. ప్రమోదా అని నా పేరు పెట్టి పిలిచింది. మూడు రోజుల్లో అది మొదటిసారి.

ఆ సాయంత్రం చీకటి పడక ముందే భోజనాలకు కూర్చున్నాం. సంగటి, వంకాయ పులుసు, చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి. మా అత్త సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోసుకుని, తినకుండా పవిత్రతో అంది.

"రేపట్నుంచి మూడో చరణం రెండో లైను మీయమ్మ పాడ్తాది."

డేవిడ్ చెయ్యి నోటి దగ్గర ఆగింది. పవిత్ర నన్నూ అవ్వనూ మార్చి మార్చి చూసింది. "అమ్మనా? అమ్మకి బాత్రూములో గూడా పాట రాదవ్వా!"

"ప్రమోదకు బాప్తిస్మం కాలేదు గదమ్మా," అన్నాడు డేవిడ్ మెల్లగా. "సంఘంలో ఎవరన్నా ఏమన్నా అంటే?"

"పాటకైతే అయ్యిండాది. మా నాయన కట్టిన దినమే అయ్యిండాది."

"సుమత్త మాదిరి ఒక్క ఊపిరిలో పాడల్లంటే అమ్మకి అయ్యేపని కాదు," అంది పవిత్ర.

"అక్కర్లే. నడుమ ఒకచోట ఊపిరి తీసుకుంటాది. తీసుకోనీ. సుమ గూడా ఆడనే తీసుకునె."

"సుమనా?" డేవిడ్ తలెత్తాడు. "ఎప్పుడు?"

మా అత్త ఊరుబిండి గిన్నె నా వైపు జరిపింది.

"గంజి పల్చగా పెట్టుకో మే," అంది. "నువ్వు ఊపిరి తీసుకునేటప్పుడు బట్ట చప్పుడు కాకూడదు. అది నాకు వినపడల్ల."